మెట్ల మీద మెజారిటీ

టైర్ల దుకాణం పైన మూడు గదుల అద్దె వాటాలో కాపురముండేది ప్రతిపక్షం. దేశంలో ప్రజాస్వామ్యానికి ఊపిరాడటం లేదని రోజుకో ప్రకటన ఇచ్చే ఆ పార్టీ ఆఫీసులో కిటికీ తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. తెరిస్తే కింది నుంచి రబ్బరు వాసన, మూస్తే లోపలి మనుషుల వాసన. రెండింటిలో రబ్బరే నయమని కళ్ళజోళ్ళ షాపు ఆవిడ అభిప్రాయం.

ఆవిడ ఆ రోజు షాపు కూతురికి అప్పజెప్పి వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఆవిడ భర్త కాలేజీలో లెక్చరరు. పోయిన ఎన్నికల్లో రిగ్గింగు జరిగిందని నడిరోడ్డు మీద కూర్చుని జైలుకు పోయాడు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. ఈమధ్యే లాయరు ఒక దారి చెప్పాడు. విచారణలో ఉన్న ఖైదీ ఎన్నికల్లో నామినేషన్ వేస్తే ప్రచారం కోసం అతన్ని బయటికి వదలాలట. ఒక్కసారి గడప దాటితే చాలు, బెయిలు సంగతి నేను చూసుకుంటానన్నాడు లాయరు. నామినేషన్లకు ఆఖరు రోజు రేపే. పార్టీ పోటీ చేస్తే మొగుడు ఇంటికొస్తాడు, బహిష్కరిస్తే రాడు. ఆవిడకు తెలిసిన రాజకీయమంతా ఇంతే, అది చాలుననుకుంది.

పార్టీలో మాత్రం రాజకీయానికి కొదవలేదు. ఎన్నికలు బహిష్కరించాలనే వర్గానికి నాయకుడు కంచుగొంతు. ఆయన మైకు లేకుండా మాట్లాడితే వీధి చివరి దాకా వినబడుతుంది, మైకు ఉంటే ఎవరికీ ఏమీ వినబడదు. పోటీ చేయాలనే వర్గానికి నాయకుడు కాంట్రాక్టరు. ఆయన కట్టిన వంతెన ఒకటి ఊరి బయట ఉంది, జనం దాని కింద నుంచి నడిచి వెళ్తారు. ఇద్దరికీ మధ్యన అధ్యక్షుడు పెద్దాయన. గోడ మీద పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు దూకాలనిపిస్తుంది, పెద్దాయనకు అదీ లేదు.

కంచుగొంతు లేచి గొంతు సవరించుకున్నాడు.

"పోరాటంలో మనకు దూరమైన లెక్చరరు గారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి తలలు దించుకున్నారు. ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఆయన బతికే ఉన్నారండీ," అంది.

ఎవరో దగ్గారు. కంచుగొంతు నీళ్ళు నమిలాడు. "తెలుసు చెల్లెమ్మా. అంటే... ఆయన త్యాగానికి గౌరవంగా అన్నమాట."

"బతికున్న మనిషికి మౌనమెందుకండీ? మాట్లాడండి. ఆయన లోపలికి పోయిన దగ్గర్నుంచి ఆ జైలు గేటు దాకా వచ్చి నోరు తెరిచినవాళ్ళు ఒక్కరున్నారా మీలో?"

అప్పుడు నిజంగానే మౌనం వచ్చింది. పెద్దాయన రెండు పక్షాల వైపూ చూసి, రెండు నిమిషాలు కాకుండా ఒక్క నిమిషం పాటిస్తే సరిపోతుందని మధ్యేమార్గం చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనుషుల కోసమా ఆయన ఉద్యోగం, నిద్ర, ఇల్లు వదులుకున్నాడు అనుకుంది.

ఆ తర్వాత ఉపన్యాసాలు. దొంగ ఎన్నికల్లో పాల్గొంటే దొంగలకు దొరతనం కట్టబెట్టినట్టేనని కంచుగొంతు బల్ల గుద్దాడు. మైదానం వదిలేసి గట్టు మీద కూర్చుంటే గెలుపెలా వస్తుందని కాంట్రాక్టరు ఇంకోవైపు నుంచి అదే బల్ల గుద్దాడు. మధ్యలో ఉన్న నీళ్ళ గ్లాసు ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగింది. ఆవిడ అవకాశం చూసుకుని కాంట్రాక్టరు పక్కకు వెళ్ళి కూర్చుంది.

"పోటీకి దిగితే మా వారి పేరు ఇస్తారు కదండీ?"

కాంట్రాక్టరు మొహం చాటంత చేసుకున్నాడు. "అన్నయ్య పేరు లేకుండానా వదినగారూ? ప్రతి గోడ మీదా ఆయన ఫోటోనే. నిలువెత్తు ఫోటో. పక్కన చిన్నగా నాది."

"మీదెందుకు?"

"అభ్యర్థిని నేను కదండీ."

"నాకు ఫోటో వద్దండీ, మనిషి కావాలి."

"మీరు మరీనూ! మనిషి లోపల ఉంటేనే కదా సానుభూతి," అన్నాడు ఆయన, పసిపిల్లకు ఎక్కాలు చెప్పినంత ఓపికగా. కొత్తగా కుట్టించుకున్న కోటు కుర్చీ వీపుకు అప్పటికే వేలాడుతోంది. దాని చేతులకు దర్జీ వేసిన పచ్చికుట్లు ఇంకా విప్పలేదు. ఆవిడ ఆ కోటు వైపు, మనిషి వైపు చూసి, ఇద్దరిలో కోటుకే కాస్త సిగ్గున్నట్టుందని తేల్చుకుని వెనక్కి వచ్చేసింది.

తెగేట్టు లేదని పెద్దాయన చివరికి ఓటింగు పెడదామన్నాడు. చేతులెత్తితే సరి. కళ్ళున్నవాళ్ళెవరికైనా తెలుస్తోంది, బహిష్కరణ వాళ్ళే ఎక్కువమంది. ఇక అంతే, ఈ రాత్రికి కూతురికి ఏం చెప్పాలో వెతుక్కోవాలి అని ఆవిడ అనుకుంటుండగా కంచుగొంతు లేచాడు.

"అధ్యక్షా! ఎన్నికలే వద్దంటున్న మేము ఇక్కడ ఓటెయ్యడమా? ఇది మా మూల సిద్ధాంతానికే దెబ్బ. ఈ ఓటింగును మేము బహిష్కరిస్తున్నాం!"

అని తన వర్గాన్నంతా వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. చేతులెత్తితే గెలిచేవాళ్ళు చేతులూపుకుంటూ పోయారు. పోయి ఎక్కడికీ పోలేదు. బయట వాన దంచి కొడుతోంది. మెట్ల మీద పై నుంచి కింది దాకా వరసగా కూర్చున్నారు. లోపల ఏం జరుగుతోందో వినడానికి పై మెట్టు కోసం వాళ్ళలో వాళ్ళే కాసేపు తోసుకున్నారు.

లోపల కాంట్రాక్టరు వర్గం ఏకగ్రీవంగా చేతులెత్తింది. ఆవిడ లేచి నిలబడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలో పెద్దాయన నిబంధనల పుస్తకం తిరగేసి, సభ్యుల్లో సగం మందైనా గదిలో లేనప్పుడు తీర్మానం చెల్లదన్నాడు.

"వాళ్ళు మెట్ల మీదే ఉన్నారు కదండీ!" అన్నాడు కాంట్రాక్టరు.

"మెట్లు సభ కిందికి రావు."

కాంట్రాక్టరు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "లోపలికొచ్చి ఊరికే కూర్చోండయ్యా, ఓటెయ్యక్కర్లేదు!"

"కూర్చోవడమూ పాల్గొనడమే!" మెట్ల మీద నుంచి కంచు మోగింది. "టీ మాత్రం ఇటు పంపించండి!"

టీ వెళ్ళింది. టీ విషయంలో ఆ పార్టీలో చీలిక ఎన్నడూ లేదు. తాగాక అందరి బుర్రలూ కాస్త పనిచేసి, పెద్దాయన కలంతో ఒక ప్రకటన తయారైంది. పార్టీ పోటీ చేయదు, బహిష్కరించదు. ఇష్టమున్నవాళ్ళు స్వతంత్రులుగా నిలబడవచ్చు. వాళ్ళతో పార్టీకి సంబంధం లేదు. గెలిస్తే మాత్రం మనవాళ్ళే. లోపలివాళ్ళు చప్పట్లు కొట్టారు, మెట్ల మీదివాళ్ళు సభలో పాల్గొనకుండానే చప్పట్లు కొట్టారు.

ఆవిడ వానలోనే లాయరు దగ్గరికి పోయింది. స్వతంత్రుడైనా ఫరవాలేదు, జైలు అధికారి ఎదుట ఆయన సంతకం పెడితే చాలు, కాగితం నేను అందజేస్తానన్నాడు లాయరు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఆ పార్టీతో అవసరం తీరిపోయినందుకు అంతకన్నా ఎక్కువ ఆనందమేసింది.

మర్నాడు పొద్దున్నే షాపు మూసి తల్లీ కూతుళ్ళిద్దరూ జైలుకు పోయారు. లోపలికి ఒక్కరినే పంపుతారు కాబట్టి కూతురు గేటు బయట, తండ్రి చొక్కా ఉన్న సంచీ పట్టుకుని నిలబడింది. వద్దన్నా వినకుండా తెచ్చింది ఆ చొక్కా.

లెక్చరరు చిక్కిపోయాడు. మెడ సన్నబడి గొంతు బయటికి పొడుచుకొచ్చింది. ఇనుప జాలీకి అవతల ఆయన్ని చూడగానే ఆవిడకు నిన్నటి కోపమంతా కరిగిపోయింది. జైలు అధికారి కాగితం అటువైపు అందించి, తన జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి మరీ ఇచ్చాడు.

లెక్చరరు పెన్ను పట్టుకుని, "మీటింగులో ఏమైంది?" అన్నాడు.

ఆవిడ గబగబా చెప్పింది. వాకౌట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి.

"భేష్! అదీ సిద్ధాంతమంటే. ఎంతమంది లేచారు?"

"మెట్లు నిండాయి. ముందు సంతకం పెట్టండి."

ఆయన కాగితం వైపు చూసి పెన్ను కింద పెట్టాడు. "నా గదిలో ప్రింటింగ్ ప్రెస్సు ఆయన ఉన్నాడు చూడు, మన పార్టీ వాడే. పోటీ చేయాలంటాడు. నేను బహిష్కరించాలంటాను. నెల రోజులుగా మాటల్లేవు మా మధ్య. ఇప్పుడు నేను నామినేషన్ వేశాననుకో, వాడు నా మొహం మీదే నవ్వుతాడు."

"నవ్వనివ్వండి! వాడు లోపల కూర్చుని నవ్వుకుంటాడు, మీరు ఇంట్లో ఉంటారు."

"నీకు అర్థం కాదు. ఇది సొంత విషయం కాదు. రేపు ప్రజలకు నేనేం సమాధానం చెప్పాలి?"

"ఏ ప్రజలండీ? మీ కోసం ఒక్కరు రాలేదు ఇక్కడికి. నేనొచ్చాను. అది బయట నిలబడి ఉంది." ఇన్నాళ్ళలో ఎవరి ముందూ ఏడవని మనిషి జాలీ పట్టుకుని ఏడ్చింది. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంటికి రండి."

ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ కళ్ళు తుడుచుకుని, లోపలి గది వైపు ఒకసారి చూసుకుని, తలెత్తి కూర్చున్నాడు.

"పెట్టండి సార్, ఇంటికి పోండి," అన్నాడు జైలు అధికారి ఉండబట్టలేక. "మాకేం అభ్యంతరం లేదు."

ఆ మాటతో ఇంకా బిగుసుకుపోయాడు లెక్చరరు. ప్రభుత్వం పెట్టమన్న సంతకం పెడతాడా! కాగితం మడిచి వెనక్కి తోశాడు. "నేను గట్టిగా నిలబడ్డానని కంచుగొంతుకు చెప్పు," అన్నాడు. ఆవిడ కాగితం తీసుకుంది. కంచుగొంతు, కాంట్రాక్టరు, పెద్దాయన, ఈయన, అందరూ ఒక్కటేనని, జాలీకి అవతల ఉన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ తనకు తేడా కనబడిందని అప్పుడు తెలిసింది ఆవిడకు.

గేటు బయట కూతురు ఎదురొచ్చింది.

"నాన్న సంతకం పెట్టారా?"

"లేదు."

"వీళ్ళు పెట్టనివ్వలేదు కదూ?" అంటూ పిల్ల గేటు దగ్గరి కాపలావాడి మీదికి ఒంటికాలి మీద లేచింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అవునంటే సరిపోయేది. పిల్లకు తండ్రి మిగిలేవాడు. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చింది కూడా.

"వాళ్ళనేమీ అనకు తల్లీ," అంది. "పెన్ను కూడా వాళ్ళదే ఇచ్చారు."