కానిస్టేబుల్ కార్డు

మా నిఘంటువు ఆఫీసులో ఒక అర్థాన్ని చంపాలంటే రెండు సంతకాలు కావాలి. మాట అర్థాలన్నీ వరుసగా కార్డు మీద రాసినవాళ్లది ఒకటి, ఆ పని తెలిసిన బయటివాళ్లది ఒకటి. రెండూ పడ్డాకే ఆ అర్థం పక్కన చిన్న బాకు గుర్తు వేస్తారు, ఇక వాడుకలో లేదని.

‘కానిస్టేబుల్’ నా వంతుకు వచ్చింది. మా నాన్న ముప్పై రెండేళ్లు పోలీసు గుర్రాల లాయంలో కానిస్టేబులే. చేరిన హోదాలోనే రిటైరయ్యాడు. గుర్రాల లద్దె ఎత్తే ఉద్యోగమని బడిలో నన్ను ఏడిపించేవారు. నాన్న మీద జాలి కన్నా కోపమే ఎక్కువ నాకు. తోటివాళ్లంతా ఎస్సైలయ్యారు, ఈయనకేం రోగం అనుకునేదాన్ని.

ఇప్పుడు నిజంగానే రోగం వచ్చింది. గుండె ఇక ఎక్కువ కాలం పనిచేయదని డాక్టరు చెప్పేశాడు. పోయేలోపు ఆయన ఒక్కసారైనా తలెత్తుకోవాలని నా పంతం. అందుకే కార్డు ఇంటికి పట్టుకెళ్లి, మంచం పక్కన కూర్చుని, రెండో అర్థం గట్టిగా చదివాను.

“విన్నావా నాన్నా? ఒకప్పుడు కొన్ని రాజ్యాల్లో కానిస్టేబులంటే సైన్యం మొత్తానికి పెద్ద. పోలీసుల్లో అడుగు మెట్టుకి దిగింది తర్వాతే.”

“సైన్యానికంటే ముందు?”

“లాటిన్‌లో, రాజుగారి గుర్రపుశాల చూసుకునే అధికారి. ఆ అర్థం ఎప్పుడో పోయింది. దానికే నీ సంతకం కావాలి.”

నాన్న కార్డు తీసుకుని ఆ మొదటి వరుసనే చాలాసేపు చూశాడు.

“ఆయన సేనాపతి ఎందుకయ్యాడు తల్లీ? గుర్రాల దగ్గర బాగానే ఉన్నాడుగా.”

నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

“నాకు మూడుసార్లు ప్రమోషన్ ఇస్తామన్నారు. తీసుకుంటే స్టేషన్‌కి పోవాలి. గుర్రాలను వదల్లేక వద్దన్నాను. మీ అమ్మకి మాత్రం రాలేదనే చెప్పాను.”

“నాకైనా చెప్పొచ్చుగా.”

“నువ్వు సిగ్గుపడుతున్నావని తెలుసు. చెబితే, గుర్రాల కంటే మేం తక్కువా అని అడుగుతావని భయమేసింది.”

అడిగేదాన్నే. ఇప్పుడూ నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎంత కష్టమైందో నాకే తెలుసు.

నాన్న పెన్ను అడిగాడు. “లాయానికి తాళం వేసిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆ పని పోయిందన్నది నిజమే,” అంటూ వంకరటింకరగా సంతకం చేసి, కార్డు నాకిచ్చాడు.

ఇరవై ఏళ్లలో ఎన్నో అర్థాలను చంపాను. ఆ కార్డు మీద సంతకం పెట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.