గురువారం టేపు

సూది మాస్టరు దుకాణంలో రెండు టేపులుండేవి. ఒకటి వచ్చేపోయేవాళ్ళందరికీ. రెండోది బల్ల సొరుగులో, దారపుండల వెనక, పాత గుండీల డబ్బాలో చుట్టచుట్టి ఉండేది. అది ఒక్కరికే. గురువారం నాలుగింటికి ఆయనొచ్చే ముందు మాస్టరు మెడలోని టేపు తీసి సొరుగులో పెట్టి, డబ్బాలోది మెడలో వేసుకునేవాడు.

ఆ ఒక్కరూ నల్లకోటు హీరోగారు. ఇరవై ఆరేళ్ళలో తొమ్మిది సినిమాల్లో ఆయనది ఒకటే వేషం: చీకటిపడితే నల్లకోటు తొడుక్కుని గోడలు దూకి దొంగల్ని పట్టే డిటెక్టివు. జనం ఆయన సొంత పేరు ఎప్పుడో మర్చిపోయారు. పాలు పోసేవాడికి కూడా అది 'నల్లకోటుగారిల్లు'. ఆ తొమ్మిది సినిమాల కోట్లూ కుట్టింది మాస్టరే. అప్పట్లో అతను ఎంత సన్నమంటే, పక్కకి తిరిగితే కనపడేవాడు కాదు. 'సూది' అని పేరు పెట్టింది హీరోగారే.

నాలుగో సినిమాకి కొలతలు తీస్తే నడుము ఒక అంగుళం పెరిగింది. మాస్టరు ఉన్నమాట చెప్పాడు. హీరోగారు నాలుగు రోజులు పచ్చి మంచినీళ్ళతో గడిపి, ఐదో రోజు షూటింగులో కళ్ళు తిరిగి పడిపోయారు. ఆ సాయంత్రం మాస్టరు రెండు టేపులు కోసి ఒకటిగా కుట్టాడు. పదిహేను అంకె తరవాత మళ్ళీ పదిహేను వచ్చేలా. ఆ అతుకు సరిగ్గా వీపు మీదికి పోతుంది. మనిషికి తన వీపు కనపడదు కదా. మర్నాడు కొలిచి, "ముప్పై నాలుగే బాబుగారూ, నిన్న నేనే పొరబడ్డాను" అన్నాడు. హీరోగారు కడుపునిండా అన్నం తిన్నారు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. మాస్టరుది అతికించింది కూడా కాదు, సన్నటి కుట్టుతో కుట్టింది. ఏళ్ళు గడిచేకొద్దీ కొత్త టేపులు కుట్టుకుంటూ వచ్చాడు. ఇప్పటి టేపులో పదిహేను దాటాక పదకొండు మొదలవుతుంది.

మూడేళ్ళకో సినిమా. కోటు అవసరమూ మూడేళ్ళకే. అయినా హీరోగారు ప్రతి గురువారం వచ్చి నడుము కొలిపించుకునేవారు. ఆ తరవాత రెండు గ్లాసుల టీ, వీధి దీపాలు వెలిగేదాకా కబుర్లు. ఆయన పెద్దింట్లో పలకరించడానికి కాపలావాడు తప్ప ఎవరూ లేరు. మాస్టరుకి భార్య పోయి ఆరేళ్ళు. దుకాణం మీది గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు. మిగతా ఆరు రోజులూ మిషను చప్పుడే అతనికి తోడు.

ఒక బుధవారం పొద్దున సినిమా కంపెనీ యజమానురాలు దుకాణానికొచ్చింది. కంపెనీ పెట్టినాయన కూతురు. చిన్నప్పుడు హీరోగారి భుజాలెక్కి తిరిగిన పిల్ల. చేతిలో మొదటి సినిమా కోటు. ఇన్నాళ్ళూ ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉన్నదది.

"బాబాయ్‌కి అరవై రెండు దాటాయి మాస్టారూ. కిందటి సినిమాలో గోడలు దూకింది డూపే. మెట్లు మాత్రం తనే ఎక్కుతానని పట్టుబట్టి, మూడో అంతస్తులో గుండె పట్టుకుని కూలబడ్డారు. మీకు చెప్పలేదా?"

"లేదమ్మా. కాలు బెణికిందన్నారు."

"కొత్త అబ్బాయిని చూసుకున్నాం. అది చెప్పబోయి నసిగాను. ఆయనకి అర్థమైపోయింది. 'మొదటి కోటు తెప్పించు. సోమవారం అందరి ముందూ తొడుక్కుంటా. గుండీ పడకపోతే ఆ కుర్రాడికి నా చేత్తోనే తొడిగేస్తా. పడిందా, పదో సినిమా నాదే, డూపు కూడా వద్దు' అన్నారు. ఆ ధీమా ఎక్కడిదో తెలుసా? 'ప్రతి గురువారం సూదిగాడు కొలుస్తున్నాడు, వెంట్రుకవాసి తేడా లేదు' అని."

మాస్టరు సొరుగు వైపు చూశాడు. ఆమె కోటు అతని చేతిలో పెట్టింది.

"గుండీ ఒకటి ఊగుతోంది, కుట్టి పెట్టండి చాలు. మిగతాది ఆ కోటే చెబుతుంది. నాకు నోరు రావట్లేదు."

ఆమె వెళ్ళాక మాస్టరు కోటుని బల్ల మీద పరిచాడు. కాజాలన్నీ భార్య కుట్టినవి. ఆ దారాన్ని ఒక్కో కాజా మీదా వేలితో తడిమాడు. తరవాత అస్తరు విప్పి చూశాడు. లోపల కుట్టులో వదిలిన గుడ్డ మూడు అంగుళాలకి వస్తుంది. చంకల కింద చెరో పట్టీ వేస్తే ఐదు. ఎవరి కంటా పడదు. సోమవారం గుండీ హాయిగా పడుతుంది.

పడితే ఆ మనిషి గోడ దూకుతాడు.

విప్పకుండా వదిలేస్తే, అందరి ముందూ గుండీ లాగి లాగి తలవంచుకుంటాడు. ముందే నిజం చెబితే, గురువారాలు పోతాయి.

కత్తెర పట్టేముందు దేవుణ్ణి తలుచుకోవడం అతని అలవాటు. ఆ రోజు తలుచుకుని ఊరుకోలేదు, అడిగాడు. 'ఆ అబద్ధంతోనే కదా తండ్రీ ఆయన అన్నం తిన్నాడు? అప్పుడది పాపం కాదనుకున్నా. మరి ఎప్పటినుంచి అయింది? ఏ అంగుళం దగ్గర?' జవాబొచ్చినా మిషను చప్పుడులోనే బతికిన తనకి వినపడుతుందో లేదో. అస్తరు మళ్ళీ కుట్టేశాడు. ఊగే గుండీ బిగించాడు.

మర్నాడు నాలుగింటికి హీరోగారొచ్చారు.

"ఏరా సూదీ, వచ్చిందా నా పెళ్ళికొడుకు కోటు?"

"వచ్చింది బాబుగారూ."

"మొహమేంటి, దారం పోయిన సూదిలా ఉంది? సోమవారం నువ్వూ రావాలి. ఆ కుర్రాడి మొహం చూద్దువుగాని. మీసం మొలిచి మూడు రోజులు కాలేదు, వాడికి నా కోటట! కానీ, కొలువు."

చొక్కా ఎత్తి నిలబడ్డారు. మాస్టరు మెడలోంచి టేపు తీశాడు. నడుముకి చుట్టలేదు. రెండు చేతులతో ఆయనకి అందించాడు.

"ఇవాళ మీరు చదవండి బాబుగారూ. మొదటినుంచి."

"చదువుకోడానికి ఇదేమన్నా పేపరట్రా?" అని నవ్వుతూనే టేపు వేళ్ళమధ్య జరుపుతూ, బడిపిల్లాడి రాగం తీశారు. "పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదకొండు..." ఆగారు. వెనక్కి జరిపారు. "మళ్ళీ పదకొండేంట్రా?"

హీరోగారు అతుకు మీద గోరుతో గీశారు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు పడిపోయిన రోజునుంచి."

"అంటే... నాలుగో సినిమా." ఆయన స్టూలు మీద కూర్చున్నారు. "ఊళ్ళో అందరూ పొగిడేవాళ్ళేరా. వాళ్ళ మాట నేనెప్పుడూ నమ్మలేదు. ఇక్కడికొచ్చి నమ్మేవాణ్ణి."

"తప్పయిపోయింది బాబుగారూ. కానీ ఆ గోడ..."

"కొలువు. సరైన దాంతో."

మాస్టరు సొరుగులోంచి మామూలు టేపు తీశాడు. నడుముకి చుట్టాడు. "ముప్పై తొమ్మిది" అన్నాడు. ఆ గదిలో ఆ అంకె ఎవరో మూడో మనిషి వచ్చి నిలబడ్డట్టయింది.

హీరోగారు చొక్కా సర్దుకున్నారు. అతుకుల టేపుని మడిచి జేబులో వేసుకున్నారు. కోటు తీసుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయారు. రెండు గ్లాసులూ చల్లారి మీగడ కట్టాయి.

సోమవారం సంగతి మాస్టరుకి కొత్త అబ్బాయి చెప్పాడు, కొలతలివ్వడానికొచ్చి.

"సార్ అసలు తొడుక్కోనేలేదండీ. తిన్నగా నా దగ్గరికొచ్చి భుజాల మీద వేసి, కాలరు సర్ది, 'వారానికోసారి కొలిపించుకో. టేపు నువ్వు పట్టుకో' అన్నారు. జోకేమో అనుకుని నవ్వానండీ. ఆయన నవ్వలేదు."

మాస్టరు ఆ అబ్బాయి చేతికే టేపు ఇచ్చి కొలతలు రాసుకున్నాడు.

గురువారాలు మాత్రం అడక్కుండానే వచ్చేవి. మొదటి గురువారం రెండు గ్లాసులు కడిగి పెట్టాడు. రెండోవారమూ పెట్టాడు. మూడోవారం ఒకటే చాలనుకుని, మళ్ళీ మనసొప్పక రెండోదీ తీశాడు. నాలుగింటికి వీధిలో ఏ కారు ఆగినా మిషను ఆపేవాడు. ఆరింటికి దీపాలు వెలిగేవి. అతను టీ తాగి, ఎండిన గ్లాసునే మళ్ళీ తుడిచి లోపల పెట్టేవాడు. ఫోను చేద్దామా అనుకునేవాడు. ఏమని చెయ్యాలి? ఆ ఇద్దరి మధ్యా మాట మొదలయ్యేదే కొలతతో.

తొమ్మిదో గురువారం కారు ఆగింది. దిగింది డ్రైవరొక్కడే. చేతిలో ఒక సంచి, అందులో బూడిదరంగు పంట్లాం గుడ్డ, మడిచిన చీటీ. హీరోగారి సొంత దస్తూరీ. 'సూదీ, ఇంట్లో తొడుక్కోడానికి. నడుము ముప్పై తొమ్మిదిన్నర. నేనే కొలుచుకున్నా.'

"ఆయన రాలేదా?" అన్నాడు మాస్టరు, కారు ఖాళీగా కనపడుతున్నా.

"లేదండీ. పొద్దున్నే నడుస్తున్నారు, డాక్టరు చెప్పాడని. మధ్యాహ్నం పడుకుంటారు. ఎప్పటికిస్తారో కనుక్కోమన్నారు."

"వచ్చే గురువారం. నాలుగింటికి. తొడిగి చూడాలని చెప్పు, ఆయన ఉండాలి."

"చెప్తానండీ. వస్తారో రారో నాకు తెలీదు."

కారు వెళ్ళిపోయింది. మాస్టరు గుడ్డ పరిచి, మామూలు టేపుతో ముప్పై తొమ్మిదిన్నర కొలిచి సుద్దతో గీశాడు. ఆ గీతకి అవతల, కుట్టులో మడతపెట్టడానికి ఇంకో రెండంగుళాల గుడ్డ వదిలాడు. కత్తెర పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. ఈసారి ఏమీ అడగలేదు.