రాయకముందే ఇచ్చిన జవాబు

"ఒక్క పేజీ సేవ్ కావడానికి నిమిషం పడుతోందట. డైరెక్టరు నన్ను కడిగేశాడు. నీకేం, హాయిగా ఇస్త్రీ చేసుకుంటున్నావు!" అన్నాడు భర్త. ఆమె ఇస్త్రీ చేస్తున్నది అతని చొక్కానే.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. మూతబడ్డ మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళ జ్ఞాపకాలు సేకరించి భద్రపరిచే సంస్థ. కంప్యూటర్ల విభాగానికి అతను అధికారి, ఆమె ఇంజనీరు. అంటే మాట అతనిది, చాకిరీ ఆమెది. అక్కడ టైపు చేసేదంతా నెట్‌వర్క్ మీదుగా ఒకే సర్వరుకి చేరుతుంది. ఆ సర్వరు ప్రతి చిన్న ముక్కనీ డిస్కు మీద రాసి, "రాశాను" అని జవాబిచ్చాకే తర్వాతి ముక్క కదులుతుంది. ఒక్కో గిన్నె కడిగి, తుడిచి, అలమరలో పెట్టొచ్చి ఇంకోటి అందుకున్నట్టు. ముక్కలన్నీ పోగేసి ఒక్కసారిగా రాసి, అప్పుడు జవాబిచ్చే ఉపాయం ఒకటి ఆమె రెండు నెలలుగా సిద్ధం చేస్తోంది, కూతురి హోంవర్కూ అత్తగారి మందులూ అయ్యాక మిగిలిన కాస్త సమయంలో. ఇంకో వారం పరీక్షిస్తే చాలు.

"వారమా? నీకన్నీ వారాలే! ముందు జవాబిచ్చెయ్యమను, తర్వాత తీరిగ్గా రాసుకోమను. సర్వరు సెట్టింగుల్లో ఒక్క లైను మార్చడానికి ఇంత రాద్ధాంతమా?"

"ఈలోగా కరెంటు పోతే రాయనివన్నీ గల్లంతేనండీ. టైపు చేసేవాళ్ళకేమో సేవ్ అయిందనే కనిపిస్తుంది."

"ఈ ఏడాది ఎన్నిసార్లు పోయిందేంటి కరెంటు?"

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "వాడసలే విసిగి వచ్చాడు. సరే అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

సరే అంది. పదిహేనేళ్ళుగా అలవాటైన మాట. మనసు ఒప్పుకుందో లేదో చూసుకోకుండానే ఆమె నోరు జవాబిచ్చేస్తుంది. మర్నాడు ఆ లైను తన చేత్తోనే మార్చింది. ఫైళ్ళు రెప్పపాటులో సేవ్ అవుతుంటే డైరెక్టరు అతని భుజం తట్టాడు. ఛీ, ఆమెకీ కాస్త సంతోషం వేసింది.

నాలుగో రోజు ఒక ముసలావిడ వచ్చింది, ఒకప్పటి మిల్లు కార్మికురాలు. రికార్డరు పెడితే నోరు విప్పనంది. అందుకని ఆవిడ చెబుతుంటే టైపిస్టు అమ్మాయి మూడు గంటలు టైపు చేసింది. మగ్గం పక్కనే పుట్టి, అక్కడే పోయిన బిడ్డ గురించి ఆవిడ నోరు తెరిచి చెప్పడం అదే మొదటిసారి. సేవ్ అయిందని చూసుకుని అమ్మాయి ఫైలు మూసిందో లేదో, కరెంటు పోయింది. తిరిగొచ్చాక తెరిస్తే ఖాళీ. ఆఖరి సేవ్‌కి సర్వరు అంతకుముందున్న ప్రతిని చెరిపేసింది, కొత్తది రాయనేలేదు. రాశానని మాత్రం చెప్పింది.

అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేస్తే, "కడుపులోంచి తీసి నీ చేతుల్లో పెట్టాను. ఇంకోసారి నావల్ల కాదు తల్లీ" అందట ముసలావిడ.

"కరెంటు పోవడం వల్ల అని రిపోర్టు రాసెయ్. అబద్ధమేం కాదుగా" అన్నాడు భర్త.

ఆమె ముందు ఆ లైను పాత పద్ధతికి మార్చింది. తర్వాత రిపోర్టు రాసింది. పంపాక అతని బల్ల దగ్గరికి వెళ్ళి, "జరిగిందే రాశానండీ. చెయ్యమన్నది మీరు, తెలిసి తెలిసీ చేసింది నేను. నా పేరే ముందు పెట్టాను" అంది.

"నీకేమైనా పిచ్చా? ఇంటికి పద, మాట్లాడదాం!"

ఆమె ఇంటికి వెళ్ళలేదు. అమ్మాయిని అడిగి చిరునామా రాసుకుంది. ఒక్క వారం, ఒక్క "కాదు" అనే మాట, అంతే కదా అప్పుడు కావలసింది అనుకుంటూ దారి పొడుగునా కుమిలిపోయింది. మళ్ళీ చెప్పమని అడగడానికి ముఖం లేదు, ఆ ఉద్దేశమూ లేదు. ఆఫీసు నుంచి వచ్చానని చెప్తే, తలుపు తీసిన ముసలావిడ, "కరెంటు చేసిన పనికి నువ్వెందుకొచ్చావమ్మా ఇంత దూరం?" అంది.

"మీ బిడ్డని రెండోసారి పోగొట్టింది కరెంటు కాదమ్మా," అందామె, "నేను."