తద్దినం రోజున ఎలుకల దగ్గర

ఏమోయ్, పెళ్ళాం వేసిన అట్టు నములుతూ "మా అమ్మ చేతి రుచి రాలేదు" అనే మహానుభావా, నిన్నే. ముఖం తిప్పుకోకు, ఇది నీ కథ కాదులే. కొరియాలో, థేగూ ఊళ్ళో మా పై అంతస్తు కిహున్ కథ. నిజానికి వాడిది కూడా కాదు, వాడి పెళ్ళాం హేరిమ్‌ది.

హేరిమ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఎలుకలకు మందు వేస్తుంది. నవ్వకు. సెప్సిస్ అని ఒక జబ్బుంది. ఒంట్లో దూరిన క్రిమిని పట్టుకోవడానికి బయల్దేరిన పోలీసులు ఇంట్లోవాళ్ళనే చితకబాదడం లాంటిది. ఒళ్ళంతా వాపు, మంట. కణాలు లోపల్లోపలే తుప్పు పడతాయి. ఆ మంట చల్లార్చి, తుప్పు ఆపే మందు కోసం వెతుకుతున్నారు. జబ్బు మొదలవగానే ఇస్తే సరే, ముదిరాక ఇస్తే పనిచేస్తుందా అన్నది హేరిమ్ ప్రశ్న. ఎందుకంటే వాళ్ళమ్మ ఒక తద్దినం రోజు జ్వరంతో వణుకుతూ పొయ్యి దగ్గరే నిలబడి, "అట్లు అయ్యాక వెళ్దాంలే ఆసుపత్రికి" అంది. అట్లు అయ్యాయి. అమ్మ తిరిగి రాలేదు.

ఆ ప్రయోగం సరిగ్గా మామగారి తండ్రి తద్దినం రోజునే పడింది. మధ్యాహ్నం మందు ఎక్కించి, సాయంత్రం దాకా పక్కనే ఉండి చూడాలి. వాయిదా వేస్తే ఎలుకల వయసు దాటిపోతుంది.

"ఇంట్లో పనుంటే వెళ్ళమ్మా," అన్నాడు ప్రొఫెసర్ ప్యో, ఎంతో దయగా. "మందు మన ల్యాబ్ కుర్రాడు జున్‌సోక్ ఎక్కిస్తాడు. పరిశోధన వ్యాసంలో మొదటి పేరు కూడా వాడిదే పెడదాం, న్యాయంగా ఉంటుంది."

కిహున్ ఇంకా దయామయుడు. "ఎలుకలు రేపూ ఉంటాయి. తాతయ్య ఏడాదికి ఒక్కసారే వస్తాడు. ఈసారైనా అమ్మ చేతి రుచి తెప్పించు."

అత్తగారికి మోకాళ్ళు పట్టేసినప్పట్నుంచి తద్దినానికి అక్కడ పెట్టే చేప అట్లన్నీ హేరిమ్ తన ఇంట్లో వేసి పట్టుకెళ్ళేది. పిండి పలచన చేసింది, నూనె మార్చింది, చేప ముక్కలు సన్నగా కోసింది. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. మామగారు ఏటా ఒక ముక్క కొరికి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ఆ ఏమీ అనకపోవడమే ఆమెకు ఏడాది పొడుగునా వినిపించేది. ఈసారి తనలో తను అనుకుంది: నేనెన్నడూ చూడని పెద్దాయన కోసం రోజంతా నిలబడతాను కదా, నా అరచేతిలో కళ్ళు మూస్తున్న ప్రాణం కోసం ఒక పూట నిలబడలేనా? అమ్మ కూడా 'అయ్యాక' అనే అనుకుంది. ఇవి అయ్యాక, అవి అయ్యాక అంటూ నేనూ ఎప్పటికి వెళ్తాను?

ఆ పొద్దున పెనం పొయ్యి మీద పెట్టింది. కాసేపు చూసింది. పొయ్యి ఆర్పేసి ల్యాబ్‌కి వెళ్ళింది.

"నేనే ఎక్కిస్తాను సార్," అంది.

సగం ఎలుకలకు మందు, పోల్చి చూడ్డానికి సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. వెంట్రుకలు నిక్కబొడుచుకుని అన్నీ మూలకి ముడుచుకున్నాయి. సాయంత్రానికి మందు పడినవాటిలో ఒకటి నీళ్ళ గొట్టం దాకా దేక్కుంటూ వెళ్ళింది. తర్వాత ఇంకొకటి. ఒక్కరోజుతో ఏదీ తేలదని ఆమెకు తెలుసు. అయినా కళ్ళు తుడుచుకోవడానికి గ్లవ్స్ విప్పాల్సి వచ్చింది.

దారిలో బజార్లో అట్లు కొని, తన డబ్బాలోకి మార్చుకుని అత్తారింటికి వెళ్ళింది.

దణ్ణాలయ్యాక కిహున్ ఒక ముక్క కొరికాడు. "అబ్బ, ఇన్నాళ్ళకి వచ్చింది అమ్మ చేతి రుచి." మామగారు నోరు విప్పకుండానే రెండోది అందుకున్నాడు.

వంటింట్లో అత్తగారు తలుపు దగ్గరగా వేసింది. "బజార్లో చేపల వరస చివరి కొట్లో కొన్నవే కదా?"

హేరిమ్ చేతిలో డబ్బా కింద పెట్టింది. "తెలిసిపోయిందా అత్తయ్యా?"

"తెలియకేం. నా పెళ్ళైన మూడో ఏటి నుంచి నేనూ అక్కడే కొన్నాను."

"మరి ఇన్నేళ్ళూ నన్ను..."

"వాడికి చెప్పేస్తావని భయపడ్డాను. మరీ నిజాయితీగా కనిపించావు. తప్పు నాదే, ఏదీ, చేతులిలా చూపించు." ఆ మచ్చలు నిమురుతూ అడిగింది, "మీ ఎలుకలు బతికాయా?"

"కొన్ని నీళ్ళు తాగాయి."

"అయితే వచ్చే ఏడు నువ్వు వాటి దగ్గరే ఉండు. కొట్టుకి నేను వెళ్తాను."

హాల్లోంచి కిహున్ కేకేశాడు. "అమ్మా, మొత్తానికి నీ విద్యంతా హేరిమ్‌కి నేర్పించేశావే?"

"నేర్పలేదురా," అంది అత్తగారు, "తనే నేర్చుకుంది."