మీట నొక్కండి, ఒగురి సాన్

మినాగవా సతోయె తకానోసు కొండ కొనకి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆగస్టు చివరి శనివారం. వారమంతా లాండ్రీలో ఇస్త్రీ ఆవిరి మధ్య నిలబడే మనిషి, సెలవు దొరికితే చాలు, తోటి సరదారాయుళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియో వీపున వేసుకుని ఏదో ఒక కొండ ఎక్కేస్తుంది. కొన మీద నుంచి పిలిస్తే కనీసం నలుగురు రేడియో మిత్రులు జవాబివ్వాలి. అప్పుడే ఆ కొండ ఆమె ఖాతాలో పడుతుంది. ఏభై దాటాక ఇదేం పిచ్చి అని చెల్లెలు దెప్పుతూనే ఉంటుంది.

సన్నటి అల్యూమినియం గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆంటెనా నిలబెట్టి, కొండ పేరు రాసిన కొయ్యకి కట్టింది. పిలవగానే అందరికంటే ముందు పలికింది నిరాసావా. కింద పట్నంలో మంగలి షాపు ఆయనది. డెబ్భై ఏళ్ళ వయసులో కూడా అద్దం పక్కనే రేడియో పెట్టుకుని కూర్చుంటాడు.

"వచ్చేశావా అమ్మాయ్! గొంతు గంటలా వినిపిస్తోంది."

"షాపులో బేరాల్లేవా నిరాసావా సాన్?"

"లేకేం? ఒకాయన తల సగం అయింది. పాపం, మెడ మీద కత్తి ఉంది కదా, తిట్టలేకపోతున్నాడు."

సతోయె నవ్వింది. మరో ఇద్దరు పలికారు. నాలుగో మనిషి కోసం పిలుస్తుంటే గరగరల అడుగు నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఎవరైనా... వినిపిస్తోందా... ఎవరైనా..."

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఒగురి. బస్సు డ్రైవరుగా రిటైరయ్యి, ఎక్కిన కొండల గురించి వారం వారం గొప్పలు చెప్పుకునే మనిషి. ముఖం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడా గొంతులో గొప్పలేమీ లేవు.

"ఒగురి సాన్! నేను మినాగవాని. ఎక్కడున్నారు?"

"నోకోగిరి మీద. గొలుసు పట్టుకుని దిగుతుంటే చెయ్యి జారింది. కాలు... ఎముక బయటికొచ్చింది. ఫోను లోయలో పడిపోయింది. బ్యాటరీ కూడా అయిపోవచ్చింది."

నోకోగిరి ఎదురుగానే ఉంది, లోయకి అవతల, రంపపు పళ్ళలాంటి అంచుతో. ఒగురి పడింది ఇటువైపు, పట్నం దాని వెనక వైపు. అందుకే అతని మాట నిరాసావాకి అందడం లేదు. సతోయె ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఒగురి మాట వినగలిగేది ఆమె ఒక్కతే, అదీ ఈ కొన మీద నిలబడితేనే. నాలుగడుగులు పక్కకి వేసి చూసింది. గొంతు మాయమైంది. వెంటనే వెనక్కి పరిగెత్తింది.

"నిరాసావా సాన్, ఆ తల వదిలెయ్యండి. పోలీసులకి ఫోన్ చెయ్యండి."

సంగతి విన్నాక ముసలాయన మళ్ళీ జోకు వెయ్యలేదు. పోలీసుల ప్రశ్నలు ఆయన చెబుతుంటే ఆమె ఒగురిని అడిగింది. ఒగురి జవాబులు ఆయనకి చేరవేసింది. దారిలో బండలకి బిగించిన గొలుసుల్లో రెండోదాని కింద, చెట్టు మొదలుకి ఆనుకుని పడి ఉన్నాడు. హెలికాప్టర్ రాలేదు, పడమట మబ్బు పట్టేస్తోందట. కాలినడకన జట్టు బయలుదేరింది.

అప్పుడు చూసింది సతోయె వెనక్కి తిరిగి. పడమటి ఆకాశం నల్లగా మరిగిన సిరాలా ఉంది.

మొదటి ఉరుము ఎక్కడో దూరంగా. రెండోది అంత దూరంగా లేదు. ఆ తర్వాత ఆంటెనా పాడడం మొదలుపెట్టింది. గొట్టాల్లో తేనెటీగల గుంపు దాక్కున్నట్టు ఒకటే ఝుంకారం. ఆమె చేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నోట్లో ఇనుము రుచి.

"దిగిపో అమ్మాయ్!" నిరాసావా అరిచాడు. "నీ వెనక ఉరుము ఇక్కడికి వినిపిస్తోంది. ఆ గొట్టం పడేసి దిగిపో!"

"ఆయన ఒక్కడే ఉన్నాడు."

"నువ్వు మాడిపోతే అప్పుడూ ఒక్కడే ఉంటాడు!"

ఆమె మైకు మీది మాట్లాడే మీట నొక్కింది. "ఒగురి సాన్, పిడుగులు వచ్చేలా ఉన్నాయి. కాసేపు కిందకి దిగుతాను. మళ్ళీ వస్తాను."

"వద్దు. వద్దండీ. మీరు పోతే ఇక..." గొంతు చిన్నపిల్లాడి ఏడుపులా మారింది. "మీ కాళ్ళు పట్టుకుంటాను, పోకండి."

"వస్తాను" అని మాత్రం అని ఆంటెనా పీకి నేల మీద పడుకోబెట్టింది. రాళ్ళ మీద జారుతూ, పడుతూ, లేస్తూ పొదల మధ్య పల్లంలోకి దిగింది. సంచీ మీద గొంతుక్కూర్చుని, మోకాళ్ళలో తల దూర్చి, చెవులు మూసుకుంది. వాన కుండపోతగా పడింది. లోకమంతా ఒక్కసారి తెల్లబడింది. చప్పుడు చెవులతో విన్నట్టు లేదు, ఛాతీ మీద ఎవరో గుద్దినట్టుంది. కాలిన రాతి వాసన వచ్చింది. తను గట్టిగా అరుస్తోందని కాసేపటికి గాని ఆమెకి తెలియలేదు.

ఉరుములు తూర్పుకి జరిగి, మెరుపుకీ చప్పుడుకీ మధ్య బాగా ఎడం వచ్చేదాకా ఆగింది. తర్వాత చేతులతో పాకి ఎక్కింది. పేరు కొయ్య నిలువునా చీలి పొగలు కక్కుతోంది. అటు చూడకుండా ఆంటెనా చేతుల్తోనే ఎత్తిపట్టుకుంది.

"ఒగురి సాన్."

గరగర.

"ఒగురి సాన్, నేను వచ్చాను. పలకండి."

గరగర తప్ప ఏమీ లేదు. నిరాసావా మెల్లగా అడిగాడు: "వినిపిస్తున్నాడా? జట్టు రెండో గొలుసు దగ్గరే ఉందట. మనిషి కనబడడం లేదంటున్నారు. పొగమంచులో చెయ్యి చాచితే చెయ్యి కనబడదట."

ఆమె మళ్ళీ మళ్ళీ పిలిచింది. చనిపోయిన మనిషిని పిలుస్తున్నానేమో అనిపించింది. ఆపేద్దామనుకుంటుండగా గరగర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

మాట లేదు. కానీ అవతల ఎవరో మీట నొక్కితేనే గరగర అలా ఆగుతుంది.

"ఒగురి సాన్! మైకులో నీళ్ళు పోయాయేమో, మీ మాట రావడం లేదు. నేను వినబడితే మీట రెండుసార్లు నొక్కండి."

గరగర ఆగింది. ఇంకోసారి ఆగింది.

సతోయె కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "నిరాసావా సాన్, బతికే ఉన్నాడు! జట్టుని ఈల వెయ్యమనండి." మళ్ళీ ఇటు తిరిగింది. "ఈల వినబడిందా? పై నుంచి అయితే ఒకసారి, కింద నుంచి అయితే రెండుసార్లు నొక్కండి."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రెండుసార్లు.

"వాళ్ళు కిందున్నారు! దాటి దిగిపోయారు. వెనక్కి ఎక్కమనండి."

మళ్ళీ ఈల. మళ్ళీ ప్రశ్న. కుడిపక్కా, ఎడమపక్కా? మీట నొక్కడానికీ నొక్కడానికీ మధ్య ఎడం పెరుగుతోంది. మనిషి పోతున్నాడో, బ్యాటరీ పోతోందో తెలియదు. చివరి ప్రశ్నకి జవాబే రాలేదు. నేల మీద చతికిలబడి రేడియోని చెవికి నొక్కుకుని అలాగే ఉండిపోయింది.

అలా ఎంతసేపు గడిచిందో. నిరాసావా గొంతు బొంగురుగా వచ్చింది. "దొరికాడు అమ్మాయ్. ఊపిరి ఉందిట. రెండో గొలుసు కాదు, కింద నుంచి మూడోదట. ఇక నువ్వు దిగు. నువ్వు ఇంటికి చేరేదాకా నేను షాపు ముయ్యను."

సెప్టెంబరులో బేరిపళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది సతోయె. ఒగురి ఆమె ఊహించినదానికంటే పొట్టివాడు. కాలికి ఇనప చువ్వలు. రేడియోలో ఆగకుండా మాట్లాడే మనిషి, ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"మీరు వెళ్ళిపోయినప్పుడు తిట్టాను," అన్నాడు చివరికి దుప్పటి కేసి చూస్తూ. "నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత, పొగమంచు కమ్మకముందు, మీ కొన మీద పిడుగు పడడం చూశాను. సరిగ్గా కొన మీదే. నేను పొమ్మనకపోబట్టే మీరు పోయారనుకున్నాను. మీరు మళ్ళీ పిలిచినప్పుడు... భయపడ్డాను. చచ్చిన మనిషి పిలుస్తోందనుకున్నాను. అందుకే వెంటనే నొక్కలేదు."

సతోయె చేతిలోని చాకు ఆగిపోయింది. కొండ మీద తనూ సరిగ్గా అదే అనుకుంది. పండు చెక్కు తీసి, ముక్కలు కోసి, పళ్ళెం అతని వైపు జరిపింది.