గడ్డం లేని మనిషి

టాబర్ క్రీక్‌లో జనెస్సా కథ తెలియనివాళ్ళు లేరు. ఆ కథ సరిగ్గా తెలియనిది ఒక్క జనెస్సాకేనని కూడా ఊరందరి నమ్మకం. ఆరేళ్ళ పిల్ల, భయపడిపోయి ఉంది, దానికేం గుర్తుంటుంది పాపం, అని చేతులూపేస్తారు.

కథ చిన్నదే. వార్డు వాళ్ళంతా, అంటే ఆ ఊరి చర్చి సంఘం వాళ్ళంతా, ఎండాకాలంలో కొండమీద గుడారాలేసుకున్నారు. చీకటి పడే వేళకి జనెస్సా ఒక ఉడత వెంటపడి తప్పిపోయింది. మగవాళ్ళు రాత్రంతా టార్చిలైట్లతో లోయలు గాలించారు, ఆడవాళ్ళు ఉపవాసం పట్టి మోకాళ్ళమీద కూర్చున్నారు. తెల్లారాక పిల్ల కొండ కింద తారురోడ్డు పక్కన బండమీద కూర్చుని కనిపించింది. ఒంటిమీద గీత కూడా పడలేదు. "ఒకాయన ఎత్తుకొచ్చాడు" అంది. చుట్టూ చూస్తే నరమానవుడు లేడు. ఇంకేముంది! చావు లేకుండా లోకమంతా తిరుగుతూ, ఆపదలో ఉన్నవాళ్ళని ఆదుకుని మాయమైపోయే ముగ్గురు నెఫైట్ శిష్యుల సంగతి మోర్మన్ల ఇళ్ళలో ఉగ్గుపాలతోనే పడుతుంది. ఆ ముగ్గురిలో ఒకరు టాబర్ క్రీక్ వచ్చి వెళ్ళారని మధ్యాహ్నం భోజనాలకల్లా తేలిపోయింది.

మొదటి ఏడు ఆయన ఉత్త పెద్దమనిషి. రెండో ఏటికి తల నెరిసింది. ఆ తర్వాత గడ్డం మొలిచింది. జనెస్సా హైస్కూల్ దాటేసరికి ఆ గడ్డం బొడ్డుదాకా దిగి, మంచులా తెల్లబడి, ముఖంలోంచి వెలుగు కూడా కొట్టడం మొదలుపెట్టింది.

జనెస్సాకి గుర్తున్నాయన వేరు. ఆయన నెత్తిన ఎర్ర ఉన్ని టోపీ. కోటుకి పొగ వాసన, గొర్రెల కంపు. డబ్బాలోంచి పీచ్ ముక్కలు తీసి తినిపించాడు. అర్థంకాని భాషలో ఏదో పాట పాడాడు. నవ్వితే ముందుపన్ను బంగారంలా మెరిసింది, ఎందుకంటే అది బంగారమే. వీపున ఎక్కించుకుని దిగుతుంటే ఆ పిల్ల ఆయన మెడమీద బుగ్గ ఆనించి నిద్రపోయింది. గడ్డం ఉంటే తెలియదా?

ఇప్పుడు ఆమెకి ఇరవై ఏళ్ళు. వచ్చేవారం మిషన్‌కి బయల్దేరుతోంది. నార్వేలో ఇంటింటి తలుపూ తట్టి విశ్వాసం గురించి చెప్పాలి. వెళ్ళేముందు ఆదివారం సభలో ప్రసంగించడం ఆనవాయితీ. ఆ ఆదివారం థాంక్స్‌గివింగ్ పండగ ముందు రావడంతో బిషప్ థోర్లీకి విషయం వెతుక్కునే శ్రమ తప్పింది. బిషప్ అంటే ఆదివారం మాత్రమే, మిగతా ఆరురోజులూ ఆయనకి టైర్ల షాపు. అమ్మ కారుకి మంచు టైర్లు వేయించడానికి జనెస్సా వెళ్తే, జాకీ తిప్పుతూనే అప్పజెప్పాడు.

"కృతజ్ఞత గురించి మాట్లాడమ్మాయ్. పది నిమిషాలు. నీకేం, రెడీగా ఉంది కదా కథ."

"ఏ కథ బిషప్?"

"భలేదానివే!" అని నవ్వి ఆయన కారు కిందకి దూరిపోయాడు.

ఇంటికొచ్చేసరికి సిస్టర్ పెక్హమ్ వంటింట్లో తిష్టవేసి ఉంది. ఆ సంఘంలో ఆడవాళ్ళంతా సిస్టర్లే, మగవాళ్ళంతా బ్రదర్లే. ఆవిడ రాదు, ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ కోరు వేసిన గిన్నె ముందు వస్తుంది, వెనక ఆవిడ వస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. అయినా మనసు వెన్న. జనెస్సా తప్పిపోయిన రాత్రి ఒంట్లో బాగోకపోయినా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి.

"ఏమే తల్లీ, గడ్డం సంగతి మర్చిపోయేవు సుమా. పోయినసారి మర్చిపోయావు."

"గడ్డం లేదు సిస్టర్ పెక్హమ్."

"ఉందే. మొన్న కూడా పిల్లల క్లాసులో బొమ్మ గీయించాను. దూది అంటించారు."

"ఆయన దగ్గర గొర్రెల కంపొచ్చింది."

"యేసు ప్రభువే మంచి కాపరి కదమ్మా మరి!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

జనెస్సా మెట్లెక్కి తన గదిలోకి పోయి దిండులో ముఖం దూర్చి అరిచింది. ఒళ్ళు మండిపోయింది. చెడ్డవాళ్ళయితే పోట్లాడవచ్చు. ఈ ఊళ్ళో ఆమె ముక్కు తుడవని ఇల్లు లేదు. మెయిన్ రోడ్డుమీద గొర్రెలమంద దిగే రోజున ఆమెని కౌంటర్ ఎక్కించి కూర్చోబెట్టి ఐస్‌క్రీమ్ పెట్టిన షాపువాడు, సైకిల్ నేర్పిన టీచర్, ఊలు బొంత కుట్టిచ్చిన ముసలమ్మలు, అందరూ ఆ రాత్రి నిద్రపోకుండా ఆమె కోసం ఏడ్చినవాళ్ళే. ప్రేమించేవాళ్ళమీద కోపమొస్తే ఎక్కడ పెట్టుకోవాలి? పద్నాలుగేళ్ళుగా అందరికీ థాంక్స్ చెప్తూనే ఉంది. దేవుడికి, బిషప్‌కి, ఉపవాసం ఉన్నవాళ్ళకి, శాండ్‌విచ్‌లు చేసినవాళ్ళకి. కొండ దిగేటప్పుడు ఆయాసంతో బుసలు కొట్టిన ఆ మనిషికి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ అబద్ధాన్నే పెట్టెలో సర్దుకుని నార్వే పోయి, అక్కడివాళ్ళ కళ్ళలోకి చూసి, నా మాట నిజం నమ్మండి అనాలా?

ప్రసంగం రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. ఆయన పేరేంటి?

అప్పుడు తట్టింది, ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదోనని తనమీద తనకే చిరాకేసింది. ఆ కొండమీద వేసవిలో గొర్రెలు మేపుకునే హక్కు ఒక్కరికే ఉంది. అది తాతయ్యకే.

ఓర్వల్ తాతయ్య కొట్టంలో గొర్రెల గిట్టలు కత్తిరిస్తున్నాడు. ఒకదాన్ని వెల్లకిలా వేసి మోకాళ్ళమధ్య బిగించి పట్టుకున్నాడు. చర్చిలో ఆయన మాట వేదం, కొట్టంలో ఆయన మాట గొర్రెలు కూడా వింటాయి. జనెస్సాకి గుర్రమెక్కడం, ప్రార్థన చెయ్యడం, ఈలవెయ్యడం నేర్పింది ఆయనే.

"తాతయ్యా, నేను తప్పిపోయిన ఏడు మన మంద కాసిందెవరు?"

కత్తెర ఆగలేదు. "ఎవరో పెరూ నుంచొచ్చినవాడు. వస్తారు, పోతారు. ఎవరికి గుర్తుంటుంది?"

"ఎర్ర టోపీ ఉండేదా?"

"చలికి అందరూ టోపీలు పెట్టుకుంటారే."

"బంగారం పన్నో? అది కూడా చలికేనా?"

ఈసారి కత్తెర ఆగింది. గొర్రె సందు చూసుకుని లేచి పారిపోయింది. తాతయ్య దాన్ని పట్టుకోలేదు.

వేడి చాక్లెట్ కప్పులు పట్టుకొచ్చిన నానమ్మ వెర్లా గుమ్మంలోనే నిలబడిపోయింది. "హసింతో," అంది ఆవిడ. "ఆ అబ్బాయి పేరు హసింతో. చెప్పెయ్ ఓర్వల్. ఇన్నేళ్ళూ నీతోపాటు నా నోరూ కుట్టేశావు. ఇంక నావల్ల కాదు."

తాతయ్య గడ్డిమోపు మీద కూలబడ్డాడు. చేతిలో కత్తెర చూసుకుంటూ చెప్పాడు.

"రాత్రంతా నిన్ను వెతికాం. తెల్లారగట్ల, వాడికేమైనా కనిపించావేమోనని మంద దగ్గరికి పోయాను. వాడు లేడు. కుక్క లేదు. తోడేళ్ళు పడ్డాయి, గొర్రెపిల్లలు ఎక్కడివక్కడ చచ్చి పడున్నాయి. నువ్వు పోయావు, మంద పోయింది, వీడేమో షికారుకి పోయాడనుకున్నా. పొద్దెక్కాక పరిగెత్తుకుంటూ వచ్చాడు. కిందకి చూపించి ఏదో చెప్పబోయాడు. నేను విన్లేదు. సంచి బండిలో పడేసి, అట్నుంచి అటే బస్సెక్కించేశాను."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇంటికొచ్చాక. నువ్వు అమ్మ ఒళ్ళో కూర్చుని, ఎర్ర టోపీ ఆయన పీచ్ పెట్టాడన్నావు."

"మరి బస్సు వెనకాల పోలేదేం?"

"అప్పటికే ఇంటినిండా జనం. ఆర్లీన్ పెక్హమ్ నెఫైట్ అంటోంది. బిషప్ ఏడుస్తున్నాడు. అంతమంది అంత సంతోషంగా ఉన్నారు." ఆయన కత్తెర పక్కన పెట్టాడు. "రేపు చెబుదామనుకున్నా. రేపన్నది పెద్దదైపోయిందే. ఆదివారం సభలో చెప్పదలుచుకుంటే చెప్పు. ఆపను. కాకపోతే నేను ముందు వరసలో కూర్చుంటానని గుర్తుపెట్టుకో."

ఆపనంటూనే కాళ్ళకి బంధం వేశాడు ముసలాయన. జనెస్సాకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన్ని వాటేసుకోవాలనిపించింది, నానమ్మ తెచ్చిన చాక్లెట్ కప్పు ఆయన నెత్తిన కుమ్మరించాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా బయటికి నడిచి, కంచె స్తంభాన్ని బూటుకాలితో తన్నింది. వేలు వాచింది.

ఆదివారం చాపెల్ కిటకిటలాడింది. పసిపిల్లలు బెంచీల కింద చిరుతిళ్ళు ఒలకబోసుకుంటున్నారు. జనెస్సా వేదికెక్కగానే బిషప్ మీట నొక్కి ఉపన్యాస బల్లని ఆమె ఎత్తుకి దింపాడు, కాగితం రుమాళ్ళ డబ్బా ముందుకి జరిపాడు. ముందు వరసలో తాతయ్య, కోటు గుండీలన్నీ పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉన్నాడు.

ఆమె కాగితం మడిచేసింది.

"నేను తప్పిపోయినప్పుడు మీరందరూ నాకోసం చేసింది నేను చచ్చేదాకా మర్చిపోను. ప్రతి ఏడూ మీకు థాంక్స్ చెప్పాను. ఇవాళ చెప్పను, ఏమీ అనుకోకండి. ఇవాళ నన్ను మోసుకొచ్చినాయనకి చెప్పాలి. ఆయన పేరు హసింతో. పెరూ దేశం ఆయన. ఇక్కడ గొర్రెలు కాసేవాడు. గడ్డం లేదు. నన్ను కాపాడినందుకు ఆయన పని పోయింది. ఆకాశంలోంచి రాలేదు, ఆకాశంలోకి పోలేదు. ఆయనకి చెప్పాల్సిన మాట మనం పద్నాలుగేళ్ళు వేరేవాళ్ళకి చెప్పాం. నాకు దేవుడిమీద నమ్మకముంది. ఉంది కాబట్టే, ఆయన ఒక మామూలు మనిషిని పంపితే సిగ్గుపడాల్సిన పని లేదనుకుంటున్నాను. యేసుక్రీస్తు నామంలో, ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. మామూలుగా అన్నంత గట్టిగానే అన్నారు. ఆమె వేదిక దిగి తన చోట కూర్చుంది. పని ఎవరు తీసేశారో చెప్పలేదు. చెప్పకుండా ఉండడం మంచితనమో పిరికితనమో ఆమెకే తెలియలేదు.

సభ అయ్యాక వసారాలో జనం చుట్టుముట్టారు. కౌగిలింతలు, ముద్దులు, ప్రయాణానికి కట్టిచ్చిన ఊలు మేజోళ్ళు. సిస్టర్ పెక్హమ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి రెండుచేతులూ పట్టేసుకుంది. కళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఎంత బాగా చెప్పావే తల్లీ! పేరు చెప్పాడన్నమాట నీకు! ఇంతవరకూ ఏ నెఫైటూ ఎవరికీ పేరు చెప్పలేదు తెలుసా?"

"సిస్టర్ పెక్హమ్, ఆయన నెఫైట్ కాదు. నేను చెప్పిందే అది."

"గొర్రెల కాపరి వేషంలో వచ్చాడు! పెరూ వాడిలా! వాళ్ళు ఏ వేషమైనా వేస్తారే. పని పోవడమేంటి, పని అయిపోయింది, మాయమైపోయాడు." ఆవిడ చుట్టూ చూసింది. నలుగురైదుగురు అవునవునన్నట్టు తలలూపుతున్నారు. ఎవరో అప్పుడే హసింతో అన్న పేరుకి అర్థమేమిటోనని ఆరా తీస్తున్నారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంతకన్నా నయం, వాడు కనీసం ఊదుతున్నారని చూస్తాడు. జనెస్సాకి గోడకి తల బాదుకోవాలనిపించింది. నిజాన్ని గుప్పిట్లో పట్టి ఇస్తే, వీళ్ళు దానికి కూడా గడ్డం అంటించేశారు.

"మాయమవలేదు ఆర్లీన్."

తాతయ్య. టోపీ చేతిలో నలుపుతూ వెనక నిలబడి ఉన్నాడు.

"ఆయన మాయమవలేదు. నేనే తరిమేశాను. పిల్లని కిందకి మోసి, మందకోసం మళ్ళీ కొండెక్కి ఆయాసపడుతూ వచ్చినవాడికి గుక్కెడు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా బస్సెక్కించాను. తెలిసీ మీ అందరి కథా విని కూర్చున్నాను, ఇన్నేళ్ళు."

వసారా అంతా ఆయనవైపు తిరిగింది. సిస్టర్ పెక్హమ్ కూడా. జనెస్సా ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఇప్పుడైనా, అనుకుంది. ఇప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు, ఆయన ఇప్పుడెక్కడున్నాడు, ఎలా ఉన్నాడు, బతికున్నాడా అని.

బిషప్ థోర్లీ ముందుకొచ్చి ముసలాయన భుజంమీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళు కూడా తడిశాయి. "బ్రదర్ ఓర్వల్, ఎంత బరువు మోశారు మీరు! దించేయండి. మేమంతా మిమ్మల్ని క్షమించేశాం. ఇప్పుడే, ఇక్కడే." అవునవును, అన్నారందరూ. ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే తాతయ్యని కౌగిలించుకోవడానికి చేతులు చాపారు. ఎవరో నానమ్మతో, సాయంత్రం బంగాళాదుంపల వంటకం పంపిస్తామంటున్నారు.

తాతయ్య ఆ చేతిని భుజంమీంచి తీసేశాడు. విసురుగా కాదు, గొర్రె మీంచి ముల్లు తీసినట్టు తీశాడు.

"మీరెవరయ్యా క్షమించడానికి?" అన్నాడు. "మీకేం పోయింది?"

పని పోయింది హసింతోకి. ఆ కథ తనదేనని ఇన్నాళ్ళూ మండిపడ్డ జనెస్సాకి కూడా ఏమీ పోలేదు.