రద్దు కాని టోకెన్

కోటు విప్పకుండానే యార్మో కెట్టునెన్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, రోజూ చూసే పేజీ తెరిచాడు. క్వోపియో ఊరి పడవల క్లబ్బులో తెడ్డు వేసే పిల్లల పేర్లు, ఒక్కో పేరు పక్కన నిన్న సరస్సు మీద ఏ దారిన, ఎంత దూరం వెళ్లారో చూపే నీలం గీత. హిల్లా పేరు పక్కన ఏమీ లేదు. నెల మొదటినుంచీ అంతే.

హిల్లా అతని కూతురు. పదహారేళ్లు. విడాకుల తర్వాత తల్లితో క్వోపియోలోనే ఉండిపోయింది. యార్మో తంపెరె నగరానికి వచ్చి ఒంటిగది ఇంట్లో చేరాడు. పొడవాటి మనిషి, వంగిన భుజాలు, మోచేతుల దగ్గర పలచబడ్డ బూడిదరంగు స్వెట్టరు. కాఫీ యంత్రం దగ్గర ఎవరైనా పలకరిస్తే తల ఊపి, కప్పు నిండగానే తన బల్ల దగ్గరికి వచ్చేసేవాడు.

క్రీడా క్లబ్బుల లెక్కల్ని గీతలుగా చూపే ఆ సాఫ్ట్‌వేర్ అతని కంపెనీదే. అందులో తప్పులు దిద్దడం అతని ఉద్యోగం. ఒకసారి పాస్‌వర్డ్ కొడితే సాఫ్ట్‌వేర్ ఒక టోకెన్ ఇస్తుంది; ఆ తర్వాత పాస్‌వర్డ్ అడక్కుండా, ఆ టోకెన్ ఉంటే చాలు లోపలికి రానిస్తుంది. అతను ఊరు మారాక క్లబ్బువాళ్లు సభ్యుల జాబితాలోంచి అతని పేరు తీసేశారు. టోకెన్ మాత్రం రద్దు కాలేదు. ఆ సంగతి కనిపెట్టిన రోజునే పైవాళ్లకు చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. అలా రెండేళ్లు గడిచాయి.

ప్రతి ఆదివారం హిల్లా ఫోన్ చేసేది. పిల్లి గురించి, వాన గురించి మాట్లాడుకునేవాళ్లు. పడవ సంగతి అతను ఎన్నడూ అడగలేదు. ముందే తెలిసిపోయేది కదా.

గురువారం కాబట్టి, అక్కడి ఆనవాయితీ ప్రకారం మధ్యాహ్నం బఠానీల సూప్. యార్మో గిన్నె కడుగుతుండగా అతని బృందానికి పెద్ద అయిన కిర్సి ఫోన్ పట్టుకుని వచ్చింది.

"ఇది విను. మన సాఫ్ట్‌వేర్ వాడే ఒకావిడ తుర్కు ఊరి నుంచి రాసింది. మాజీ మొగుణ్ణి వసంతంలోనే తన పరుగుల గ్రూపులోంచి తీసేసిందట. నిన్న రాత్రి వాడు మెసేజ్ పెట్టాడట, 'కొత్త దారిలో పరిగెడుతున్నావే, చర్చి వెనక చీకటి కదా' అని. ఆవిడకి వణుకు పుట్టింది."

యార్మో చేతిలోని గిన్నె మీద నీళ్లు పారుతూనే ఉన్నాయి.

"పాత టోకెన్," అన్నాడు చివరికి. "పేరు తీసేసినా అది పనిచేస్తుంది."

"అప్పుడే కనిపెట్టేశావా? ఇంత తెలివి పెట్టుకుని నోరు విప్పవేంటయ్యా, ముత్యాలు రాలిపోతాయనా?"

అతను కుళాయి కట్టేశాడు. "సోమవారం దాకా ఆగొచ్చా?"

"ఎందుకు?"

సోమవారానికి హిల్లా గీత మళ్లీ మొదలైతే చాలనుకున్నాడు. అది పైకి అనలేకపోయాడు.

"ఆవిడ ఇవాళ కూడా పరుగుకి వెళ్తుంది కదా యార్మో," అంది కిర్సి.

అతను వెళ్లి కూర్చున్నాడు. చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఎవరు వచ్చినా టోకెన్‌తో పాటు సభ్యుల జాబితా కూడా చూడమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి, అంతే. రాస్తూ రాస్తూ, చర్చి వెనక చీకట్లో, ఇక ఎవరూ కనిపెట్టి చూడని దారిలో పరిగెత్తే ఆడమనిషిని ఊహించుకోబోయాడు. ఆమె ముఖం తెలియదు. హిల్లా ముఖమే కనిపించింది.

పరీక్షించడానికి, పేరు తీసేసిన సభ్యుడొకడు కావాలి. దొంగపేరుతో ఒకణ్ణి సృష్టించవచ్చు. యార్మో తను రోజూ చూసే క్లబ్బు పేజీనే మళ్లీ తెరిచాడు.

'ఈ పేజీ చూడటానికి మీకు అనుమతి లేదు.'

"పనిచేస్తోందా?" కిర్సి అవతలి బల్ల నుంచి అడిగింది.

"చేస్తోంది."

నాలుగు దాటాక అందరూ వెళ్లిపోయారు. యార్మో పళ్ల బుట్టలోంచి ఒక ఆపిల్ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఒకసారి కొరికి, ఫోన్ చేశాడు.

"నాన్నా? ఇవాళ ఆదివారం కాదుగా."

"ఊరికేనమ్మా. పడవ ఎలా సాగుతోంది?"

అవతల ఎక్కడో తలుపు మూసుకుంది.

"బానే సాగుతోంది. నిన్న కూడా వెళ్లాం. గాలి బాగా ఉంది."

ఎందుకు మానేశావు అని అడగాలంటే, మానేసిందని ఎలా తెలిసిందో చెప్పాలి.

"అలాగా," అన్నాడు. "చేతులు పగులుతాయి. క్రీమ్ రాసుకో."

"రాసుకుంటున్నాలే. నాన్నా, నువ్వు బానే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏమో, ఎప్పుడూ అడగవుగా పడవ గురించి. అందుకని."

ఇంకేదో అంటుందని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. "సరే మరి, ఆదివారం చేస్తా," అని హిల్లా పెట్టేసింది.

యార్మో దీపాలు ఆర్పి, కోటు గుండీలు పైదాకా పెట్టుకుని, మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయాడు. కిటికీ గట్టు మీద ఒక్కసారే కొరికిన ఆపిల్, పంటిగాట్లు పడిన చోట మెల్లగా గోధుమరంగుకి తిరుగుతోంది.